కండ కాదు, కదలిక

దండాలు, బస్కీలు, గద. ఈ మూడూ సరిగ్గా పట్టుబడినవాడికి నాలుగో సాధనం అక్కర్లేదని ఎవరి ముందైనా వాదిస్తాను.

దండాన్నే చూడండి. తుంటి పైకెత్తి మొదలుపెడతాం. తల రెండు చేతుల మధ్య నుంచి దిగుతుంది, రొమ్ము నేలను రాసుకుంటూ ముందుకు సాగి పైకి లేస్తుంది. ఆ ఒక్క సాగులో భుజాలు, వెన్ను, తుంటి ఒకదాని నుంచి ఒకటి పని అందుకుంటాయి. శ్వాస ఆ లయను తప్పదు. కూర్చుని లేచే బస్కీలో మడమలు లేస్తాయి. తొడతోపాటు పిక్క, చీలమండ కూడా బరువు మోస్తూ నిలకడ నేర్చుకుంటాయి.

ఇక గద! వెదురు కర్ర, కొసన రాయి, అంతే సరంజామా. బరువు పిడికిలికి ఎంత దూరమైతే అంత లాగుతుంది. వీపు వెనక ఊగే ఆ బరువును ఎక్కడ వదలాలో, ఎక్కడ అందుకోవాలో తెలియనివాడికి మొండిబలం ఎంతున్నా దండగే. భుజం, నడుము, పాదం ఒక్కమాట మీద నడిస్తేనే గద తిరుగుతుంది.

ఈ సాధన ఎంత పాతదో గాని, పండిన చోట అద్భుతాలే పండించింది. మన వీరఘట్టం బిడ్డ కోడి రామమూర్తి నాయుడు ఊపిరి బిగించి రొమ్ముకు చుట్టిన ఉక్కు గొలుసు తెంచేవాడు, ఏనుగును రొమ్ము మీద మోసేవాడు. ఈనాటి వెయిట్‌లిఫ్టర్లు బరువెత్తే ముందు గాలి పీల్చి మొండెం బిగించేదీ ఆ సూత్రంతోనే. దండాలు, బస్కీలతో పెరిగిన కుస్తీ వీరుడు గామా 1910లో లండన్‌లో, తనకంటే ఎంతో బరువైన మల్లుడు జిబిస్కోను దాదాపు రెండున్నర గంటలు నేలకు అదిమిపెట్టాడు. 1928లో పటియాలాలో అదే మల్లుణ్ణి నిమిషంలోపే చిత్తు చేశాడు. సాధనం మారినా సూత్రం మారదనడానికి మన ఊసవానిపేట కరణం మల్లీశ్వరే సాక్షి. 2000 సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఆ బరువు చేతులతో లేచేది కాదు. కాళ్లు, తుంటి ఒక్కసారిగా విచ్చుకుని కడ్డీని పైకి పంపితే, రెప్పపాటులో ఒళ్లు దాని కిందికి దూరాలి. బలమంటే అదీ!

మరి ఇప్పుడు? వీధివీధికీ అద్దాల జిమ్ములు. కుర్రాణ్ణి యంత్రంలో కూర్చోబెట్టి ఒక్క కండను ఉబ్బిస్తారు. డబ్బాల్లో పొడి, ఆపైన స్టెరాయిడ్ సూదులు! గుండెను, కాలేయాన్ని దెబ్బతీసే ఆ విషాన్ని పదహారేళ్ల పిల్లలకు అంటగట్టేవాళ్లను వ్యాయామ గురువులనడానికి నాకు నోరు రాదు. అటు దండాలు, గద నేర్పే తాలింఖానాలేమో పండగ ఊరేగింపులకే పరిమితమైపోతున్నాయి. గద పట్టు నేర్పగల ఉస్తాదులు ముసలివాళ్లవుతున్నారు.

మీ ఊళ్లో వ్యాయామశాల ఇంకా మిగిలి ఉంటే పిల్లల్ని ఇవాళే పంపండి, ఆడపిల్లల్నీ పంపండి. బడిలో అరగంట, కాస్త మట్టినేల, నేర్పే ఉస్తాదుకు నెలజీతం ఇవ్వండి. ఇంతకంటే చవగ్గా ఇంత బలం ఇంకెక్కడా దొరకదు.