మెయిల్‌కూ చార్జి లిస్టు కావాలి

పోలవరం ముంపు కారణంగా 2014లో బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. తెలంగాణలో మిగిలిన భాగం 2016 అక్టోబరులో ఖమ్మం నుంచి విడిపోయి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. రెండున్నరేళ్లలోపే రాష్ట్రం హద్దూ జిల్లా హద్దూ మారిన ఇలాంటి చోట, ముంపు పరిహారం మీదో పోడు పట్టా మీదో బదిలీపై వెళ్లిపోయిన అధికారి రాసిన మెయిల్‌ను ఎవరిని అడగాలి? బీరువాలో ఫైళ్లకైతే బదిలీ వేళ చార్జి లిస్టు ఉంటుంది, తీసుకున్నవారు సంతకం పెడతారు. మెయిల్‌కూ అలాంటి లెక్క ఉండాలి. ఆఫీసు పని మీద ఉద్యోగి పంపిన, అందుకున్న ప్రతి మెయిలూ, అతను చెరిపేసినా చెరగకుండా, నిర్ణీత గడువు దాకా ఆఫీసు దగ్గర ఉండి తీరాలి. ఏది దాచాలో తేల్చే అధికారం రాసినవాడి చేతిలో ఉండకూడదు. 2005 సమాచార హక్కు చట్టం ‘సమాచారం’ అనే మాటకిచ్చిన నిర్వచనంలో ఈమెయిళ్లనూ పేరుపెట్టి చేర్చింది. కానీ చెరిపేసిన మెయిల్ మీద ఆ హక్కు ఎందుకు పనికొస్తుంది? మెయిళ్లు దాచాలన్న నియమం ప్రైవేటు కంపెనీలకూ ఉండాలి. 2009లో బయటపడిన సత్యం కుంభకోణంలో వేల నకిలీ ఇన్వాయిసుల జాడ కంప్యూటర్ రికార్డుల్లోనే దొరికింది.

ముఖ్యమైనవి ప్రింటు తీసి ఫైల్లో పెడుతున్నాం కదా అంటారు. ఆ కాగితం మీద మెయిల్ ఏ దారిన వచ్చిందో, మధ్యలో ఎవరైనా మార్చారో ఏమో తెలియదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం అలాంటి ప్రింటుకు ధ్రువపత్రం జత కావాలి. మూలప్రతి లేకుండా ఏ ధైర్యంతో సంతకం పెడతారు? ఉద్యోగి మీద నిఘా అవుతుందన్న అభ్యంతరం ఇంతకంటే బరువైనది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అందుకే దాచడం వేరు, చదవడం వేరు అని నియమం ఉండాలి. రాతపూర్వక కారణం లేనిదే ఎవరూ తెరవకూడదు. తెరిచినవారి పేరు, తేదీ నమోదు కావాలి. గడువు తీరాక చెరపాలి కూడా. అవసరం తీరిన వ్యక్తిగత సమాచారాన్ని, వేరే చట్టం ఉంచమంటే తప్ప, తొలగించాలనే 2023 డేటా రక్షణ చట్టం కంపెనీలకు చెబుతోంది. గడువెంత? కంపెనీల చట్టం లెక్కల పుస్తకాలకు 8 ఆర్థిక సంవత్సరాలు పెట్టింది. మెయిళ్లకూ అక్కడ మొదలుపెట్టవచ్చు. గిరిజన ఏజెన్సీ ప్రాంతాల్లో మాత్రం అది చాలదు. అక్కడ గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించే 1/70 చట్టం కింద కేసులు అప్పీళ్ల మీద అప్పీళ్లతో ఏళ్ల తరబడి సాగుతాయి. కేసు పడిందని తెలిసిన రోజే, ఆ భూమికి సంబంధించిన మెయిళ్లు చెరపకుండా ఆపే ఉత్తర్వు వెలువడాలి. చివరి అప్పీలు తేలేదాకా అది అమల్లో ఉండాలి.