మెర్సెన్ పట్టిక: ఒక విమర్శ

ఒకటి, తాను తప్ప వేరే కారణాంకాలు లేని సంఖ్య ప్రధాన సంఖ్య అని పాఠకులెరుగుదురు. 2ను కొన్ని పర్యాయాలు దానితోనే గుణించి, లబ్ధంనుండి 1 తీసివేస్తే 3, 7, 31, 127 వంటి ప్రధాన సంఖ్యలు కొన్ని లభిస్తవి. ఏ ఘాతాంకాలకు ఇట్లా జరుగుతుంది? 1644లో పారిస్‌లో వెలువడిన తన గ్రంథపు పీఠికలో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి దీనికి జవాబు చెప్పాడు. 257 వరకు 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 మాత్రమేనని ఆయన పట్టిక.

ఈ పట్టికలో తప్పులు ఐదు. 67, 257 ఉండదగనివి. 61, 89, 107 ఉండవలసినవి. తప్పులు ఎవరికైనా సహజమే. మన ఆక్షేపణ వేరు. పదిహేను ఇరవై అంకెల సంఖ్య ప్రధానమో కాదో తేల్చడానికి కాలమంతా చాలదని అక్కడే ఆయన ఒప్పుకొన్నాడు. 2¹²⁷ − 1లో 39 అంకెలున్నవి. ఇరవై అంకెలకే చాలని కాలం ముప్పైతొమ్మిదింటికి ఎట్లా చాలింది? ఉపపత్తి ఆయన చూపలేదు.

127 విషయంలో ఆయన మాట నిజమే అయింది. కాని నిజం పలకడం వేరు, నిజమని చూపడం వేరు. చూపినవాడు ల్యూకాస్, 1876లో. ఆయన మార్గాన్ని తరువాత లేమర్ సరళం చేశాడు. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసివేసి, పరీక్షింపదలచిన సంఖ్యతో భాగించి శేషాన్ని ఉంచుకోవాలి. ఘాతాంకం బేసి ప్రధాన సంఖ్య అయినప్పుడు, దానికన్న రెండు తక్కువ పర్యాయాలు ఇట్లా చేయగా శేషం సున్న అయితేనే అది ప్రధాన సంఖ్య. 2⁵ − 1, అనగా 31ని చూడండి. మొదట 4 నుండి 14. పిదప 194, శేషం 8. మూడవసారి 62, శేషం సున్న. 31 ప్రధానమే! 2¹²⁷ − 1కి ఇట్టి మెట్లు 125 చాలును. వరుసగా భాగించి చూడబోతే ఇరవై అంకెల భాజకాల దాకా పోవలసి వచ్చును.

67 పని పట్టినవాడు కూడా ల్యూకాసే. 2⁶⁷ − 1 ప్రధానం కాదని అదే ఏట ఆయన కనుగొన్నాడు. దాని కారణాంకాలు 193707721, 761838257287 అని 1903లో కోల్ చూపాడు.

అయితే మెర్సెన్‌కు మనం ఋణపడలేదా? పడ్డాము. ఆయన ప్రశ్న రెండు శతాబ్దాలకు పైగా గణితజ్ఞులకు పని కల్పించింది. కాని ఆ గౌరవం ప్రశ్నకు చెందును, పట్టికకు కాదు.

2024లో 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 ప్రధాన సంఖ్య అని ప్రకటించారు. అందులో అంకెలు 4,10,24,320. ఇట్టి వార్త చదివినప్పుడు అంకెలకు అచ్చెరువొందడం తేలిక. "ఇది ఎట్లా తెలిసినది?" అని అడగడమే విజ్ఞానం. యంత్రాలు ఎంత పెద్దవైనా, ఆ సంఖ్యను నిర్ధారించింది మన 31ని పరీక్షించిన ఈ మార్గమే.