పెన్సిల్ గీతకు అందని మూలాలు

ఈ వారం పెనుకొండలో ఒక పుస్తకాల అంగట్లో పదో తరగతి లెక్కల గైడు తిరగేశాను. వర్గ బహుపదికి గ్రాఫ్ గీసి శూన్యాలు కనుక్కోమన్న ప్రశ్న కింద బిందువుల పట్టిక, గీసిపెట్టిన పరావలయం, జవాబు అన్నీ తయారుగా ఉన్నాయి. పిల్లలు చూసి దించుకుంటే చాలు. ఒళ్లు మండింది. గ్రాఫ్ కాగితం మీద సొంతంగా గీయనిదే బీజగణితం ఒంటబట్టదని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు.

నాకా నమ్మకం కలిగింది ఇక్కడి కొండ మీదనే. మా లెక్కల సారు మమ్మల్ని కోటగోడ దగ్గరికి తీసుకుపోయి, "ఈ గోడ ఇరవై మీటర్లు అనుకోండప్పా. సెకనుకు పదిహేను మీటర్ల వేగంతో రాయి పైకి విసిరితే ఎప్పుడు నేల తాకుతుంది?" అని అడిగారు. టి సెకన్లకు రాయి ఎత్తు సుమారు 20 + 15టి − 5టి². ఎత్తు సున్నా అనుకుంటే టి² − 3టి − 4 = 0. మూలాలు 4, −1. మైనస్ ఒకటిని కొట్టేయమంటారనుకున్నాం. ఆయన గీతను ఎడమవైపుకు పొడిగించమన్నారు. మనం విసరడానికి ఒక సెకను ముందు ఆ రాయి నేల మీంచే లేచి ఉంటే, గోడ అంచు దాటేటప్పుడు దానికి సరిగ్గా అదే వేగం ఉండేది! రెండు మూలాలకూ నట్టనడుమ, ఒకటిన్నర సెకన్ల దగ్గర, రాయి అన్నిటికన్నా ఎత్తులో ఉంటుంది. వర్గ సమీకరణం మూలాల సూత్రంలో −బి/2ఎ అన్నది ఆ నడిమి చోటే. ప్లస్ ఆర్ మైనస్ తర్వాత వచ్చేది అక్కడినుంచి అటూ ఇటూ దూరం.

ఇంతవరకూ గ్రాఫే గెలిచింది. గైడు మూసేసి ఇంటికొచ్చాక రెండు సమీకరణాలు గీసి చూశాను: ఎక్స్² − 4ఎక్స్ + 3.99 = 0, ఎక్స్² − 4ఎక్స్ + 4.01 = 0. మొదటిదానికి 1.9, 2.1 మూలాలు. రెండోదానికి వాస్తవ మూలాలే లేవు. సెంటీమీటరుకు ఒక యూనిట్ పెట్టుకుంటే మొదటి గీత అక్షానికి పదోవంతు మిల్లీమీటరు కిందికి దిగుతుంది, రెండోది అంతే పైన ఆగుతుంది. పెన్సిల్ గీత మందమే అంతకన్నా ఎక్కువ. కంటికి రెండూ ఒకటే. సూత్రంలో వర్గమూలం గుర్తు కింద ఉండే విచక్షణి (బి² − 4ఎసి) మాత్రం మొదటిదానికి 0.04, రెండోదానికి −0.04 అని తేల్చేస్తుంది. రుణసంఖ్యకు వర్గమూలం లేదని తొమ్మిదో శతాబ్దంలోనే మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో చెప్పాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు చేశాడు.

పెనుకొండ, హిందూపురం, ధర్మవరం బళ్లలో పదో తరగతికి లెక్కలు చెప్పే సార్లకూ మేడములకూ ఒక మనవి. ఈ రెండు సమీకరణాలూ ఒకే పీరియడ్‌లో ఇవ్వండి. ముందు గ్రాఫ్ గీయించండి, తర్వాతే సూత్రం తీయండి.