చేతిలోని కరెంటు

ఎండాకాలంలో సిరిసిల్ల వార్పిన్ షెడ్డులో నిలబడితే పాలిస్టర్ దారానికి ముంజేతి వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. చిన్నప్పుడు మాకదో ఆట. కంప్యూటర్ సామానుకు అదే గండమని పోయిన ఆదివారం కోరుట్లలో మా మేనల్లుడికి చెప్పాల్సి వచ్చింది. వాడు నాచుపల్లి జేఎన్‌టీయూలో చదువుతున్నాడు. సొంతంగా డెస్క్‌టాప్ బిగించుకుంటానని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి సామానంతా తెచ్చుకున్నాడు.

"ప్లగ్గే పెట్టలేదు గద మామా, కరెంటెట్ల కొడ్తది?" అన్నాడు.

కొట్టేది మనల్ని కాదు, చిప్పుల్ని. ఒంట్లో పోగైన స్థిర విద్యుత్తు సుమారు 3,000 వోల్టులు దాటితే గానీ మనకు చురుక్కుమనదు. కొన్ని చిప్పులకు 100 వోల్టులే ఎక్కువ. దెబ్బ తిన్నది అప్పటికి పనిచేసి, నెలల తర్వాత మొరాయించవచ్చు కూడా. అందుకే వాడి పాలిస్టర్ చొక్కా మార్పించి నూలు బనీను వేయించాను. ఏది ముట్టుకోబోయినా ముందు క్యాబినెట్‌లో రంగు లేని ఇనుమును తాకమన్నాను.

వాడు తెచ్చిన మదర్‌బోర్డుకు పిన్నులు సాకెట్‌లోనే ఉన్నాయి, వెంట్రుకంత సన్నంగా. ప్రాసెసర్ మూలనున్న చిన్న త్రికోణాన్ని సాకెట్ గుర్తుకు కలిపి, మెల్లగా దించి వదిలేశాడు. నొక్కకూడదు. లీవరు వంచుతుంటే కరకరమంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇరిగిందా మామా?" లేదు, పిన్నులన్నీ ఒక్కసారి ఒత్తుకునే చప్పుడది. లీవరుకు ఆ మాత్రం బలం పెట్టాల్సిందే.

ర్యామ్‌కూ అంతే, టక్కుమనేదాకా నొక్కాలి. నా మొదటి కంప్యూటర్ పొద్దంతా నల్లతెరతోనే ఉంది. ర్యామ్ ఒక చివర సగమే దిగిందని సాయంత్రానికి గానీ తెలియలేదు.

కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎన్నడూ విప్పకండి. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. ప్రాణం తీసే కరెంటది.

అన్నీ బిగించాక కూడా ఆ రోజు స్విచ్ వేయనివ్వలేదు. జగిత్యాలలో నేను అద్దెకున్న ఇంట్లో క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమనేది. గోడ మీది స్విచ్‌బోర్డు విప్పి చూస్తే మూడు రంధ్రాలున్నాయి గానీ ఎర్త్ రంధ్రానికి వైరే లేదు. ఎర్త్ లేకపోతే ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్ గుండా లీకయ్యే కొద్దిపాటి కరెంటు ఇనుప డబ్బాకు చేరుతుంది. డబ్బాకు లోపల వైరు తగిలితే మాత్రం అది జివ్వుమనడంతో ఆగదు. కోరుట్ల ఇంట్లోనూ అదే లోపం బయటపడింది. మంగళవారం ఎర్త్ వైరు వేయించాకే మా వాడి కంప్యూటర్ లేచింది.

సామానుకు డబ్బు కట్టేముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఇంట్లో ఎర్తింగ్ చూపించుకోండి.