బన్యన్ ఆత్మకథలో పాపము, భద్రత

జాన్ బన్యన్ అనగానే మనకు 1678లో వెలువడిన ‘యాత్రికుని ప్రయాణము’ స్ఫురించును. 1666లో, బెడ్‌ఫర్డ్ కారాగారమున ఉండగా, ప్రకటించిన ఆత్మకథ ‘గ్రేస్ అబౌండింగ్’ను చదువువారు తక్కువ. నాకు ఇదియే బలమైన గ్రంథము.

పాపులలో ప్రధానుడనని పేరుపత్రముననే చెప్పుకొన్న ఇతడు సామాన్యుడు. పాత్రలకు మాట్లు వేయువాడు. ఒట్లు పెట్టుట, ఆదివారము ఆటలాడుట, నృత్యము, చర్చి గంటలు మ్రోగించుట — ఇవి ఇతని నేరములు. మ్రోగించుట మానిన పిదపను చూడబోవును. గంట మీద పడునేమోయని దూలము క్రిందికి, ఆపై వాకిటికి జరుగును. కడకు గోపురమే కూలునని పారిపోవును. నవ్వు వచ్చును. కాని భయమునకు ఇంతకన్న సత్యమైన చిత్రము అరుదు.

క్రీస్తును అమ్ముకొమ్మని పోరుపెట్టిన శోధనకు ఒకనాడు మనసు లొంగగా, జ్యేష్ఠత్వమును అమ్ముకొన్న ఏశావు గతియే తనదని కుమిలిపోవును. తెరపి దొరకును, మరల పోవును. పునరుక్తి యను ఆక్షేపణ నిజమే. ఆ బాధ అట్టిది. తుదకు పొలములో నడచుచుండగా, తన నీతి పరలోకమున క్రీస్తే యనియు, తన మనస్సు బాగున్ననాడు అది పెరగదు, చెడిననాడు తరగదనియు తోచును. భద్రత అనుభూతినుండి విడివడినది. ఆత్మపరీక్షయే బ్రతుకైనవానికి తననుండి చూపు మరలుటయే విముక్తి.

మన ధూర్జటి ఆత్మనిందను ఈశ్వరునికే మొరపెట్టును. బన్యన్ తన బోధ విని విశ్వసించినవారికి చెప్పును. ఉన్నతశైలి వలదనుకొంటినని పీఠికలోనే అనెను. ముగింపున, ఈనాటికిని తన హృదయమున ఏడు హేయములు కలవని లెక్క వ్రాసెను. అందు మొదటిది అవిశ్వాసము.