కుర్చీ ఎవరికి? బైటు ఎవరికి?

టీవీలో రాత్రి చర్చ తొమ్మిదింటికి మొదలవుతుందనుకుంటాం. అసలు చర్చ సాయంత్రం, ఎవర్ని పిలవాలో ఫోన్లు చేసుకునేటప్పుడే అయిపోతుంది.

1996 డిసెంబర్ 29న రామచంద్రపురం దగ్గర వెంకటాయపాలెంలో దళిత యువకులకు బలవంతంగా శిరోముండనం చేశారు. 2024 ఏప్రిల్ 16న విశాఖ కోర్టు ఈ కేసులో తోట త్రిమూర్తులుకు 18 నెలల జైలుశిక్ష వేసింది. అప్పటికాయన మండపేట అసెంబ్లీ అభ్యర్థి. 'పోటీకి అర్హుడేనా, ఓట్లు తగ్గుతాయా' అన్నది పార్టీల ప్రశ్న. 'తీర్పుకి 27 ఏళ్ళెందుకు పట్టింది' అన్నది పేట ప్రశ్న. ఈ రెండోది అడగాలంటే పేట మనిషి స్టూడియోలో కూర్చోవాలి. పార్టీ ప్రతినిధులకూ విశ్లేషకులకూ కుర్చీలేస్తారు. మనోళ్ళకి బాధితులుగా అర నిమిషం బైటు. అంటే ఏడవటానికి పనికొస్తాం, విశ్లేషించటానికి కాదు!

మరి ఆ జాబితా రాసేదెవరు? ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ 2019లో హిందీ, ఇంగ్లీషు మీడియాలో 121 నాయకత్వ స్థానాలు పరిశీలిస్తే 106 అగ్రవర్ణాలవే. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. తెలుగు చానళ్ళ లెక్క మనమే తియ్యాలి. యాంకర్ని తిట్టుకుంటే సరిపోదు. ఎవరు కూర్చున్నారో, ఎవరి మాట మధ్యలో తుంచారో ఒక నెలపాటు రాసిపెట్టి అడుగుదాం.