చూడడం నేర్పిన రాతలు

శంషాబాద్‌లో విమానం దిగినవాళ్లు ఎక్కువమంది నగరం దారి పడతారు. కొందరు మాత్రం బెంగళూరు రహదారి ఎక్కి, షాద్‌నగర్, జడ్చర్ల దాటి పాలమూరు లోపలికి వెళ్తారు. ఆ దారిన పోతే వనపర్తి వస్తుంది, గద్వాల వస్తుంది. ఒకప్పటి ఈ సంస్థానాల పేర్లు చెబితే మనకు కోటలు గుర్తొస్తాయి, కవి పండితులు గుర్తొస్తారు, జరీ చీరలు గుర్తొస్తాయి. బొమ్మలు గుర్తురావు. అక్కడా చిత్రకారులు ఉండేవారనీ, వాళ్ల పనికి తనదైన తీరు ఉందనీ 1963లోనే ముంబై కళాపత్రిక ‘మార్గ్’లో వ్యాసం రాసినవారు జగదీశ్ మిత్తల్.

ఆయన తెలుగునాట పుట్టినవారు కాదు. శాంతినికేతన్ కళాభవన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్న చిత్రకారుడు. 1950ల మొదట్లో భార్య కమలతో హైదరాబాద్ వచ్చి, ఇక్కడే స్థిరపడ్డారు. ఇద్దరూ కలిసి ఒక్కొక్కటిగా కూర్చిన కళాఖండాలను తమ సొంత ఆస్తిగా ఉంచుకోక 1976లో ఒక ట్రస్టుకు అప్పగించారు. అదే జగదీశ్ కమలా మిత్తల్ భారతీయ కళా మ్యూజియం. 1990లో పద్మశ్రీ అందుకున్న మిత్తల్, నూరేళ్లకు చేరువై 2025లో కన్నుమూశారు. సేకరణ గురించి పత్రికలు చాలా రాశాయి. నన్ను పట్టుకున్నది ఆయన రాత. వస్తువును పొగడడంతో తృప్తిపడక, దాన్ని ఎలా చూడాలో చూపించే రాత అది.

ఆ చూపుకు మన తెలంగాణ పటాలకన్నా మంచి ఉదాహరణ దొరకదు. దక్కనీ పటచిత్రాల మీద ఆయన పుస్తకం 2014లో వచ్చింది. చేర్యాల బొమ్మలుగా ఇవాళ మనకు తెలిసిన నకాషీ పనికి ఈ పటాలే మూలం.

చూపు ముందుగా పదార్థం మీద నిలవాలి. పటం అంటే ముతక నూలు గుడ్డ. గంజి, సుద్దమట్టి, చింతగింజల గుజ్జు, జిగురు కలిపి, ఆరబెడుతూ మళ్లీ మళ్లీ పూస్తారు. గుడ్డ నేత కనబడకుండా నున్నగా అయ్యాక నకాషీ చిత్రకారుడు కుంచె పట్టి నేరుగా గీత గీస్తాడు. వెనుక అంతా ఎరుపు నింపుతాడు. ఆ పైన ఒంటి రంగులు, బట్టలు, నగలు. చివరగా నల్లటి సన్నగీతతో కన్ను, ముక్కు, వేలు తేలుతాయి. ఆ ఎరుపు ఉట్టి అలంకారం కాదు. కథ వినే గుంపులో వెనక కూర్చున్నవాడికి కూడా బొమ్మ విడిగా కనబడాలి, ఆ పని ఎరుపు చేస్తుంది. అడ్డంగా పూలపట్టీ వేసి ఒక ఘట్టాన్ని మరో ఘట్టం నుంచి వేరు చేస్తారు. పటం నిలువునా విప్పుకుంటూ పోతే కథ మెట్టుమెట్టుగా కిందికి దిగుతుంది.

తరువాత పోలిక. పటం మీద వేసినవాడి పేరు సాధారణంగా ఉండదు. కాలం ఎలా తెలుస్తుంది? తలపాగా చుట్టిన తీరు, జామా అంచు, నగల పని, గుర్రం జీను, చెట్టు ఆకుల పొందిక చూడాలి. వాటిని ఒకపక్క కుతుబ్‌షాహీల కాలపు చిత్రాలతో, మరోపక్క లేపాక్షి కప్పు మీది బొమ్మలతో పోల్చాలి. ఇలాంటి పరిశీలన వల్లే మిత్తల్ మ్యూజియంలోని మార్కండేయ పురాణ పటం 1625 ప్రాంతానిదిగా లెక్కకొచ్చింది. పల్లెబొమ్మ అని తీసిపారేసిన దానికి నాలుగు వందల ఏళ్ల చరిత్ర నిలబడింది.

ఆ తరువాత అడగాల్సింది, ఇది ఎవరి కోసం అని. మార్కండేయ పురాణం పద్మశాలీల కులకథ. పటం చూపి చెప్పేవారు కూనపులివారు. ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు ఉన్నారు. కులానికో కథ, కథకో పటం, ఊరూరా తిరిగి చెప్పేందుకు వాళ్లకో హక్కు. పటం పాతబడి చిరిగితే ఎక్కడో పారేయరు, పూజచేసి నీళ్లలో కలుపుతారు. దేవుడికి చేసినట్టే సాగనంపుతారు. పాత పటాలు ఇంత తక్కువగా మిగలడానికి ఈ భక్తి కూడా ఒక కారణం. ఈ సంగతి తెలియకుండా గాజుపలక వెనక ఉన్న పటాన్ని చూస్తే సగమే చూసినట్టు.

పదార్థం, పోలిక, మనిషి. మంచి కళారచన ఈ మూడింటినీ వదలదు. ‘అద్భుతం’, ‘అమోఘం’ అన్న మాటలు బొమ్మ దగ్గరికి తీసుకెళ్లవు. చింతగింజల గుజ్జు అన్న మాట తీసుకెళ్తుంది.

తెలుగులో ఈ దారి లేకపోలేదు. తుమ్మపూడిలోనే ఉండి సంజీవదేవ్ చిత్రకళ గురించి, సౌందర్యం గురించి చక్కటి తెలుగులో జీవితమంతా రాశారు. ఆయన రసానుభవాన్ని చెప్పారు, మిత్తల్ వస్తువును విప్పి చూపారు. మనకు రెండూ కావాలి. కానీ మిత్తల్ రాసినవి ప్రధానంగా ఇంగ్లీషులో ఉన్నాయి. కూనపులివారి మనవడు చదువుకుని, తన తాత మోసిన పటం గురించి తెలుసుకోవాలంటే పరాయి భాషలో వెతుక్కోవాల్సి వస్తోంది. ఇది మన భాషకున్న అప్పు. విశ్వవిద్యాలయాలు, అకాడమీలు ఆ రాతల్ని తెలుగులోకి తెప్పించాలి. నేటి నకాషీల పనిని కూడా అంతే శ్రద్ధతో రాయించాలి. చేర్యాల బొమ్మకు భౌగోళిక గుర్తింపు దక్కింది. వేసే చేతులకు పేరుపేరునా గుర్తింపు రాతల్లోనే దక్కుతుంది.

ఆ చూపును అలవాటు చేసుకోవడానికి మ్యూజియం దాకా పోనక్కర్లేదు. విమానాశ్రయానికి దగ్గరలోనే, నర్కుడలో అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి ఉంది. కోనేరు ముందు, ఏడంతస్తుల గోపురం ముందు ఫొటోలు దిగేవాళ్లు రోజూ వస్తుంటారు. సినిమాల్లోనూ ఆ గుడిని ఎన్నోసార్లు చూశాం. ఈసారి వెళ్లినప్పుడు ఫోన్ జేబులో పెట్టి, గోపురంలో ఒక్క అంతస్తును పది నిమిషాలు చూడండి. దేనితో కట్టారు, ఎక్కడి పనిని పోలి ఉంది, ఎవరి చేయి పడింది అని అడగండి. తోచింది ఇంటికొచ్చి తెలుగులో నాలుగు వాక్యాలు రాసిపెట్టండి.